పనిని మలచుకొనే స్వేచ్ఛ

రాజీనామా పత్రాలలో కారణం సాధారణంగా "వ్యక్తిగతం" అనే ఉంటుంది. అసలు కారణం తరచు పని స్థలంలోనే ఉంటుంది.

కొన్నేళ్ళ క్రితం మా నిర్వహణ విభాగంలోని ఒక యువ ఇంజనీరు అటువంటి పత్రమే నా చేతికిచ్చాడు. పంపుల కంపనాల రీడింగులను రిజిస్టరులో ఎక్కించడమే అతని దినచర్య. "ఈ అంకెలను ఎవరూ చదవరు సార్" అన్నాడు. నేనూ చదవలేదు గనుక బదులు చెప్పలేకపోయాను. "పోనీ, నీవైతే ఈ పనిని ఎలా చేస్తావు?" అని అడిగాను.

మరుసటి వారం నుండి అతడు రీడింగులను గ్రాఫులుగా గీసి, షిఫ్టు ఆపరేటర్లతో చర్చించసాగాడు. బేరింగు దెబ్బతినే సూచనను ముందే పసిగట్టడం అతని పనిగా మారింది. హోదా మారలేదు, జీతం పెరగలేదు. అయినా పత్రాన్ని వెనుకకు తీసుకున్నాడు.

అమెరికా పరిశోధకులు ఏమీ రెజ్‌నెస్కీ, జేన్ డటన్ 2001లో దీనిని 'జాబ్ క్రాఫ్టింగ్' అన్నారు. చేసే పనులను, పనిలో మనుషులతో సంబంధాలను, పనిని చూసే దృష్టిని ఉద్యోగి స్వయంగా మలచుకోగలడని వారి ప్రతిపాదన. తాము కూడా రోగులు కోలుకోవడానికి తోడ్పడుతున్నామని భావించిన ఆసుపత్రి పారిశుద్ధ్య సిబ్బందిని వారు ఉదాహరించారు.

ఇది సర్వరోగ నివారిణి కాదు. చాలని జీతానికి, దూరపు బదిలీకి ఇది మందు కాజాలదు. భద్రతా నియమాలను మలచుకొనే హక్కు ఎవరికీ లేదు. కానీ అధికారి ఒక ప్రశ్న అడగడానికి ఖర్చేమీ లేదు. అంతకుముందు అటువంటి పత్రాలు రెండింటిపై నేను ఏమీ అడగకుండానే సంతకం చేశాను. ఆ ఇద్దరూ నాకు నేటికీ గుర్తొస్తారు.