చూపుడువేలితో చుక్కల దూరం ఎలా?

చార్మినార్ ఎదుట నిలబడి చూపుడువేలు ముఖానికెదురుగా పెట్టండి. ఒక కన్ను మూసి చూడండి, తరువాత రెండోది. వేలు ఒక మినార్ మీది నుంచి పక్కకు గెంతుతుంది! దగ్గరైతే పెద్ద గెంతు, దూరమైతే చిన్నది.

చుక్కల దూరమూ ఇంతే. ఆరు నెలల్లో భూమి సూర్యుడికి అవతలి వైపు చేరుతుంది. ఆ రెండు చోట్లే మన రెండు కళ్లు. మధ్య ఎడం 30 కోట్ల కిలోమీటర్లు.

కొత్తగా పుట్టిన భారీ నక్షత్రాలను మాత్రం ధూళి కప్పేస్తుంది. వెలుగు బయటికి రాదు, రేడియో తరంగాలు వస్తాయి. వాటిని వేల కిలోమీటర్ల ఎడంలోని యాంటెన్నాలు కలిసి పట్టుకుని, ఆ నక్షత్రాల గెంతును కొలుస్తాయి. అలాంటి నక్షత్రాలు పుట్టే ఒరాయన్ నెబ్యులా సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరమని అలాగే తేలింది.

పాతబస్తీకీ ఈ ఆకాశంతో చుట్టరికముంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండలో టెలిస్కోపు పెట్టించారు. అదే నిజామియా అబ్జర్వేటరీ. తరువాత బేగంపేటకు మారి, గాజు పలకల మీద నక్షత్రాల ఫొటోలు తీసి, ఒక్కో చుక్క చోటునూ ఓపిగ్గా కొలిచింది.