పాత కంప్యూటరుకు మరో ఆయువు

భద్రాచలం అడవి అంచున మా బంధువుల ఇంట ఉన్న కంప్యూటరు పదేళ్ళ నాటిది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసినది. విండోస్ 11 దానికి సరిపడదు. కొత్తది కొనండి, లేదంటే ఏదో ఒక నకలు ప్రతి వేస్తానన్నాడట దుకాణదారు. పరుల శ్రమను అనుమతి లేక వాడుకొనుటకు ఆ ఇంటి నానీమా మనసు ఒప్పలేదు.

మేము ఖమ్మంలో లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈని పెన్‌డ్రైవులోకి దింపుకొని వెళ్ళాము. దాదాపు 3 జీబీల ఆ ఫైలు అక్కడి సిగ్నలుతో దిగేది కాదు. 2 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది, 4 ఉంటే హాయి. ముందు పెన్‌డ్రైవు నుండే నడిపి చూచి, నచ్చితేనే స్థాపించుకోవచ్చును. ఫోటోలు, పత్రాలు మాత్రం ముందే వేరొకచోట భద్రపరచుకోవలెను.

విండోస్, మాక్ వాడేవారికి సైతం లిబ్రెఆఫీస్, ఫైర్‌ఫాక్స్, వీఎల్‌సీ ఉచితమే. లిబ్రెఆఫీసులో తెలుగు, ఉర్దూ ఒకే పుటపై చక్కగా ఇముడుతాయి. ఉర్దూకు నోటో నస్తలీఖ్, తెలుగుకు మండలి ఖతులు మాకు నచ్చినవి.

ఒక్క చిక్కు వచ్చినది. అను ఫాంట్లలో టైపు చేసిన పాత దరఖాస్తులు గజిబిజి గుర్తులుగా కనిపించినవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చుటకు మాకు రెండు సాయంత్రాలు పట్టినది.