కంచు పలక మీద తప్పిన పేరు

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రమందు కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊరున్నది. బేస్‌బాల్ ఆటలో మహామహులనిపించుకొన్నవారి పేర్లు, ముఖాలు కంచు పలకల మీద పోతపోయించి అక్కడొక భవనంలో గోడలకు బిగిస్తారు. 1973లో అక్కడ చేరిన ఒక పలక మీద రొబెర్టో వాకర్ క్లెమెంటె అని ఉండేది. ఆయన పేరు అది కాదు. రొబెర్టో క్లెమెంటె వాకర్. స్పానిష్ వారి ఆచారంలో ముందు సొంత పేరు, తరువాత తండ్రి ఇంటిపేరు, చివర తల్లి పుట్టింటి పేరు వస్తాయి. అమెరికా వారి లెక్కకు చివరనుండేదే ఇంటిపేరు గనుక తల్లి తరపు పేరును నడుమకు తెచ్చి సరిపోయిందనుకొన్నారు. ఆ తప్పు దిద్దేసరికి 2000 సంవత్సరం వచ్చింది.

నేను గుమాస్తాను. రిజిస్టర్లలో పేర్లు రాయడంతోనే సగం జీవితం గడిచింది. మనకు ఇంటిపేరు ముందు. ఈ వైపు వారికి తండ్రి పేరులోని మొదటి అక్షరం ముందు. ఈ రెంటి నడుమ పడి మా ఇంటిపేరు మా తాతగారి దస్తావేజులతోనే ఆగిపోయింది. నా బడి సర్టిఫికెట్టులో అది లేదు. అందుచేతనే కాబోలు, ఈ పలక సంగతి తెలిసినప్పుడు ఆ మనిషి ఎవరో తెలుసుకొనేదాకా నిద్రపట్టలేదు.

బేస్‌బాల్ మనకు అలవాటు లేని ఆట గనుక ఒక్క మాట. జట్టుకు తొమ్మిదిమంది. బంతి విసిరేవాడొకడు, కొట్టేవాడొకడు. కొట్టినవాడు వరుసగా మూడు మజిలీలు దాటి మళ్లీ మొదటి చోటికి చేరితే ఒక పరుగు. మైదానం చివర ఎడమ, నడుమ, కుడి వైపుల ముగ్గురు కాపు కాస్తారు. క్రికెట్టులో బౌండరీ దగ్గర నిలబడేవారి వంటివారు. కుడివైపు వాడి పని కష్టం. అక్కడినుంచి మూడవ మజిలీకి బంతి విసరడమంటే మైదానం అడ్డంగా దాటించడమే. మన కథానాయకుడు ఆ కుడివైపు వాడు. బడిలో ఉన్నప్పుడు ఈటె విసరడంలో మేటి అట. ఆ భుజబలం తరువాత అక్కరకు వచ్చింది.

క్లెమెంటె 1934 ఆగస్టు 18న పోర్టోరీకో ద్వీపంలో కరొలీనా అనే ఊళ్లో పుట్టినారు. ఆ ద్వీపం 1898 నుంచి అమెరికా ఏలుబడిలో ఉన్నది. ప్రజల భాష మాత్రం స్పానిష్. తండ్రి మెల్చోర్ చెరకు తోటల్లో మేస్త్రీ. తల్లి లూయిసా బట్టలుతికి సంసారానికి ఆసరా అయింది. పద్దెనిమిదేండ్లకే కుర్రవాడు సాంతుర్సే జట్టులో చేరినాడు. 1954లో బ్రూక్లిన్ డాడ్జర్స్ వారు 10,000 డాలర్ల బోనసిచ్చి తీసుకొని, కెనడాలోని మాంట్రియాల్‌కు పంపి అక్కడ ఎక్కువ భాగం బెంచీ మీదనే కూర్చోబెట్టినారు. అంత బోనసు పుచ్చుకొన్నవాణ్ణి పెద్ద జట్టులో ఉంచకపోతే ఏడాది చివర మరొక జట్టు ఎత్తుకొనిపోవచ్చునని నిబంధన. అట్లే పిట్స్‌బర్గ్ పైరేట్స్ వారు 4,000 డాలర్లకు ఎత్తుకొనిపోయినారు. పైరేట్స్ అనగా ఓడదొంగలని అర్థం. పేరుకు తగ్గ పనే! 1955 నుంచి 1972 వరకు, పద్దెనిమిది సీజన్లు, క్లెమెంటె ఆ ఒక్క జట్టుకే ఆడినారు.

ఆయనకు అక్కడ రెండు చిక్కులు. ఒకటి చర్మం రంగు. ఫ్లారిడాలో సాధనకు వెళ్లినప్పుడు నల్లవారికి తెల్లవారి హోటలులో గది లేదు, భోజనం లేదు. తెల్ల ఆటగాళ్లు లోపల తింటుంటే వీరు బస్సులో కూర్చుని ఎదురుచూడవలె. రెండవది భాష. ఆయన ఇంగ్లీషు అప్పుడప్పుడే నేర్చుకొంటున్నది. విలేఖరులు ఆయన మాటలను భావం తెలిసేట్టు రాయక, ఉచ్చారణలోని యాసను ఉన్నదున్నట్టు అక్షరాలు వంకరచేసి అచ్చువేసేవారు, చదివినవారు నవ్వడానికి. ఆ విలేఖరులు స్పానిష్‌లో నాలుగు ముక్కలు మాట్లాడితే వాటిని ఎవరచ్చువేసినారు? పొరుగు భాషలో పొట్టపోసుకొనేవారికి ఈ అవమానం రుచి చెప్పనక్కరలేదు.

మూడవ చిక్కు కూడా ఉన్నదనవచ్చు, పేరు. రొబెర్టో అనడం బరువైపోయి బాబ్ అన్నారు. ఆటగాళ్ల బొమ్మలు ముద్రించి పిల్లలకమ్మే టాప్స్ కంపెనీ కార్డుల మీద 1957 నుంచి 1969 దాకా బాబ్ క్లెమెంటె అనే వేసినారు. ఆయన మాత్రం నా పేరు రొబెర్టో అని చెబుతూనే వచ్చినారు.

శాంతమూర్తి అని నేననను. కోపం ఉన్నది, నిష్ఠూరమాడే గుణమూ ఉన్నది. మోటారు ప్రమాదంలో వెన్నుకు దెబ్బ తగిలి బాధపడుతుంటే పత్రికలవారు ఇదంతా నటన అన్నారు. 1960లో పైరేట్స్ ప్రపంచ పోటీలో న్యూయార్క్ యాంకీస్‌ను ఓడించినప్పుడు ఏడు ఆటల్లోనూ హిట్ కొట్టినారు. అయినా ఆ సంవత్సరపు ఉత్తమ ఆటగాడికోసం విలేఖరులు వేసిన ఓట్లలో ఎనిమిదవ స్థానమే దక్కింది. ఆ గాయం చాలాకాలం మానలేదు. కాని దానికి జవాబు బ్యాటుతోనే చెప్పినారు. 1961, 64, 65, 67 సంవత్సరాల్లో తన లీగులో బ్యాటింగు సగటులో ప్రథములు. 1961 నుంచి వరుసగా పన్నెండేండ్లు కాపుదలకిచ్చే బంగారు గ్లవ్ బహుమానం. 1966లో ఆ ఉత్తమ ఆటగాడి బిరుదూ వచ్చింది.

1971 ప్రపంచ పోటీ నాటికి ఆయనకు ముప్పైయేడేండ్లు. ఎదురు జట్టు బాల్టిమోర్. మళ్లీ ఏడు ఆటల్లోనూ హిట్లు. ఇరవైతొమ్మిది సార్లలో పన్నెండు. చివరి ఆటలో ఒక హోమ్‌రన్ కొట్టినారు, పైరేట్స్ 2-1తో గెలిచింది. ఆట ముగియగానే టెలివిజన్ వారు మైకు పెట్టినారు. దేశమంతా చూస్తున్నది. ఆయన అనుమతి అడిగి, ముందుగా స్పానిష్‌లో తల్లిదండ్రులను ఉద్దేశించి మాట్లాడినారు. వారి ఆశీర్వాదం కోరినారు. ఇంగ్లీషు తరువాత.

నాకు ఆయన హిట్లన్నిటికంటె ఈ నాలుగు మాటలే పెద్దవిగా తోస్తాయి. పై అధికారుల ఎదుట ఇంటినుంచి ఫోను వస్తే తెలుగులో మాట్లాడడానికి గొంతు తగ్గించే వారిని చూచినాను. నేనూ తగ్గించినాను.

1964లో వేరా అనే తమ ఊరి పిల్లను పెళ్లాడినారు. ముగ్గురు కొడుకులు. కాన్పు సమయానికి ఎక్కడున్నా సరే, పిల్లలు పోర్టోరీకో నేల మీదనే పుట్టవలెనని పట్టుపట్టి ముగ్గురినీ అక్కడే కననిచ్చినారు.

1972 సెప్టెంబరు 30న మూడువేలవ హిట్. డిసెంబరు 23న నికరాగువా రాజధాని మనాగువాలో ఘోరమైన భూకంపం వచ్చింది. కొద్దివారాల ముందే ఆయన అక్కడ పోర్టోరీకో కుర్రవాళ్ల జట్టును ఆడించి వచ్చినారు. ఎరిగిన ముఖాలున్న ఊరు. ఇంటింటికి తిరిగి మందులు, ఆహారం, బట్టలు పోగుచేయించి పంపినారు. పంపిన సామాను బాధితులకు చేరక అక్కడి ప్రభుత్వపు సైనికుల పాలౌతున్నదని కబురు వచ్చింది. తాను ఎదుట ఉంటే ముట్టుకోరని, తామే వెళ్లదలచినారు. దొరికిన విమానం పాతది. మోయదగినదానికంటె 4,000 పౌండ్లకు పైగా బరువెక్కించినారు. డిసెంబరు 31 రాత్రి లేచి, కొద్ది నిమిషాల్లో సముద్రంలో కూలింది. లోపల అయిదుగురు. క్లెమెంటె దేహం దొరకనేలేదు. జట్టులోని మిత్రుడు సంగియెన్ సంతాపసభకు పోకుండా, గజ ఈతగాళ్లతో కలిసి సముద్రంలో దిగి వెదికినాడు.

ఆటగాడు విరమించిన అయిదేండ్లకుగాని కూపర్స్‌టౌన్‌లో చోటివ్వరు. ఈయన విషయంలో ఆ నియమం సడలించి 1973లోనే ఇచ్చినారు. లాటిన్ అమెరికా వారిలో ఆ గౌరవం పొందిన మొదటివారు ఆయనే. పేరు తప్పిన పలక అదే.

ఆయన చొక్కా మీది అంకె 21. రొబెర్టో క్లెమెంటె వాకర్ అని వారి లిపిలో పూర్తిగా రాస్తే ఇరవైయొక్క అక్షరాలు. అందుకే ఆ అంకె కోరుకొన్నారని చెబుతారు. పిట్స్‌బర్గ్‌లో 2001లో తెరచిన మైదానంలో కుడివైపు గోడను సరిగ్గా 21 అడుగుల ఎత్తున కట్టినారు.