లాంగ్ టూర్‌కు బైక్ రెడీనా? బాక్సులు, ఫాగ్ లైట్ల కంటే ముందు ఇంట్లోనే చూసుకోవాల్సినవి ఇవే!

ముప్కాల్‌లో బైక్ స్టార్ట్ చేసి 44వ నంబర్ జాతీయ రహదారి ఎక్కితే చాలు.. ఇటు హైదరాబాద్, అటు నాగ్‌పూర్. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా వెళ్లే హైవే ఇదే. అందుకే ఆర్మూర్, బాల్కొండ, ముప్కాల్ వైపు యూత్‌లో లాంగ్ రైడ్ మోజు ఎక్కువే. పసుపు అమ్మిన డబ్బులు చేతికి వచ్చినప్పుడో, గల్ఫ్ నుంచి సెలవు మీద ఇంటికొచ్చినప్పుడో ముందుగా గుర్తొచ్చేది బండే. వెంటనే ఆన్‌లైన్‌లో సైడ్ బాక్సులు, ఫాగ్ లైట్లు, క్రాష్ గార్డులు ఆర్డర్ పెట్టేస్తారు.

కానీ అసలు సమస్య అక్కడే మొదలవుతుంది. బండికి బరువు పెరుగుతుంది, కరెంటు వాడకం పెరుగుతుంది. ఆ భారం మోయాల్సిన టైర్లు, చైన్, బ్రేకులు, బ్యాటరీ మాత్రం పాతవే. నిర్మల్ దాటాక ఘాట్ మలుపుల్లోనో, పెన్‌గంగ దాటాక రాత్రిపూటో అవి మొరాయిస్తే పరిస్థితి ఏంటి? అందుకే ముందు మెయింటెనెన్స్, తర్వాతే అప్‌గ్రేడ్. ఇందులో చాలా పనులు ఇంటి ముందు, సెంటర్ స్టాండ్ వేసి చేసుకోవచ్చు. అవేంటో, ఎందుకో చూద్దాం.

టూరింగ్ బైక్ అంటే ఖరీదైనదేనా?

అక్కర్లేదు. హోండా గోల్డ్‌వింగ్ పేరు వినే ఉంటారు. ప్రపంచంలోనే పేరున్న టూరింగ్ బైక్ అది. 1975 మోడల్‌గా మార్కెట్లోకి వచ్చినప్పుడు దానికి ముందు గాలి అడ్డు లేదు, సామాను బాక్సులు లేవు. కొన్నవాళ్లే బయట నుంచి తెచ్చి బిగించుకున్నారు. కంపెనీయే అన్నీ అమర్చి ఇచ్చిన ఇంటర్‌స్టేట్ మోడల్ 1980లో గానీ రాలేదు. అంటే ఇంట్లో అప్‌గ్రేడ్ చేసుకోవడం ఇవాళ పుట్టిన ట్రెండ్ కాదు. మన దగ్గర హిమాలయన్, డొమినార్, ఎక్స్‌పల్స్ లాంటివి టూర్లకు పేరు తెచ్చుకున్నా, కండిషన్‌లో ఉంటే రోజూ పొలానికి తిరిగే బండి కూడా దూరం వెళ్తుంది. కండిషన్‌లో లేకపోతే లక్షలు పోసిన బండి కూడా దారిలో ఆగుతుంది.

1. టైర్లు: రోడ్డును పట్టుకునేది అరచేయంత రబ్బరే

మొత్తం బండి, మనుషులు, సామాను బరువంతా మోసేది రెండు టైర్ల కింద ఉండే అరచేయంత భాగమే. నిబంధనల ప్రకారం టూవీలర్ టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉండకూడదు. గాడుల మధ్యలో చిన్న రబ్బరు గడ్డలు ఉంటాయి. టైరు అరిగి వాటితో సమానమైందంటే మార్చాల్సిందే. లాంగ్ టూర్‌కు అయితే అక్కడిదాకా ఆగకూడదు.

టైరు వయసు కూడా చూడాలి. పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. ఉదాహరణకు 2322 అని ఉంటే 2022లో 23వ వారం తయారైందని అర్థం. నెలల తరబడి షెడ్డులో నిలబెట్టిన బండికి గాడులు కొత్తగానే కనిపించినా పక్కన సన్నని పగుళ్లు ఉండొచ్చు. అలాంటి టైరుతో హైవే ఎక్కకూడదు.

గాలి ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. కంపెనీ చెప్పిన కొలత చల్లని టైరుకే. ఎండాకాలంలో గంటసేపు నడిపాక చెక్ చేస్తే ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది. అది మామూలే. ఎక్కువైందని గాలి తీసేస్తే అసలుకే మోసం. గాలి తక్కువైన టైరు ఎక్కువ వంగుతుంది, ఇంకా వేడెక్కుతుంది, చివరికి పేలే ప్రమాదం ఉంటుంది. వెనుక మనిషి, సామాను ఉంటే ఎంత గాలి పెట్టాలో మాన్యువల్‌లో వేరుగా రాసి ఉంటుంది. చాలామంది చూడనిది అదే.

ఇంకో మాట. స్పోక్ వీల్స్ ఉన్న చాలా బండ్లకు ట్యూబ్ టైర్లే ఉంటాయి. వాటికి ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్ పనికిరాదు. ముందే తెలుసుకుని స్పేర్ ట్యూబ్ పెట్టుకోవాలి.

2. చైన్: బిగువు ఎక్కువైనా ముప్పే

మన ఊళ్ల రోడ్ల సంగతి తెలిసిందే. సీజన్‌లో ఒకవైపు వడ్లు, మక్కలు ఆరబోస్తారు, కల్లాల దగ్గర పసుపు పాలిష్ పట్టే డ్రమ్ముల నుంచి దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ము నూనెతో తడిసిన చైన్‌కు అంటుకుంటే సానపట్టే కాగితంలా పనిచేస్తుంది. చైన్, స్ప్రాకెట్ పళ్లు రెండూ అరిగిపోతాయి.

శుభ్రం చేయడానికి కొంచెం కిరోసిన్ లేదా చైన్ క్లీనర్, మెత్తటి బ్రష్, పాత గుడ్డ చాలు. పెట్రోల్ వాడొద్దు. చైన్ లింకుల్లోని రబ్బరు రింగులు పాడవుతాయి, నిప్పు ముప్పు వేరే. తుడిచాక చైన్ లోపలి వైపు లూబ్ వేయాలి. వెనుక టైరు మీద, డిస్క్ మీద చుక్క కూడా పడకుండా అట్ట ముక్క అడ్డం పెట్టండి. 500 కిలోమీటర్లకోసారి, వానలో తడిస్తే ఆ రోజే ఈ పని చేస్తే మంచిది.

ఇక బిగువు సంగతి. బండి మీద మనిషి కూర్చుని, సామాను పెడితే వెనుక షాక్ అబ్జార్బర్లు కిందికి నొక్కుకుపోతాయి. దాంతో చాలా బండ్లకు చైన్ ఇంకా బిగుస్తుంది. ఖాళీ బండికి బాగా టైట్‌గా పెట్టిన చైన్ లోడుతో తెగేంత ఒత్తిడికి గురవుతుంది. బేరింగులూ దెబ్బతింటాయి. అందుకే మాన్యువల్‌లో చెప్పినంత వదులు ఉంచాలి. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, ఎక్కడ ఎక్కువ బిగువుగా ఉందో అక్కడ కొలవాలి. రెండు వైపులా అడ్జస్టర్ గీతలు సమానంగా ఉండాలి.

హెచ్చరిక: ఇంజిన్ ఆన్ చేసి, గేర్ వేసి తిరుగుతున్న చైన్‌ను గుడ్డతో తుడవడం అస్సలు చేయొద్దు. గుడ్డతో పాటు వేళ్లు స్ప్రాకెట్‌లోకి వెళ్లిపోతాయి. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో చక్రాన్ని చేత్తో తిప్పండి.

3. బ్రేకులు: ఆ ఒక్క పని మర్చిపోతే..

డిస్క్ బ్రేక్ ప్యాడ్‌లో రాపిడి పదార్థం పల్చబడిందంటే టూర్‌కు ముందే మార్చేయాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఘాట్‌లో దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కితే ఆ తేమ ఆవిరై బుడగలు వస్తాయి, లివర్ మెత్తగా లోపలికి పోతుంది. అందుకే రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మార్చాలంటారు. రిజర్వాయర్ మూత మీద రాసి ఉన్న గ్రేడే వాడాలి. అది పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడగాలి.

ఇంట్లో ప్యాడ్లు మార్చేవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. కొత్త ప్యాడ్ల కోసం పిస్టన్‌ను వెనక్కి నెడతారు, తర్వాత నేరుగా బండి తీస్తారు. మొదటిసారి బ్రేక్ పట్టదు! బండి కదిలించే ముందే లివర్‌ను పదేపదే నొక్కి, గట్టిపడ్డాకే ఎక్కాలి.

4. ఇంజిన్ ఆయిల్, ఎయిర్ ఫిల్టర్

ఎక్కువ బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కారు ఆయిల్‌లో జారుడు పెంచే పదార్థాలు ఉంటాయి. అది పోస్తే క్లచ్ జారిపోవచ్చు. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందో లేదో చూసుకోవాలి. చిక్కదనం మాన్యువల్ చెప్పినదే ఉండాలి. లెవెల్ చూసేటప్పుడు బండి నిటారుగా నిలబెట్టాలి, సైడ్ స్టాండ్ మీద చూస్తే తప్పుడు లెక్క వస్తుంది. తీసేసిన ఆయిల్‌ను చెలకలోనో, మోరీలోనో పారబోయొద్దు. క్యాన్‌లో పట్టి సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేయాలి.

దుమ్ము రోడ్లలో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ తొందరగా మూసుకుపోతుంది. మైలేజీ పడిపోవడం, పికప్ తగ్గడం దాని లక్షణాలే. పేపర్ ఫిల్టర్‌ను నీళ్లతో కడగకూడదు, మార్చాల్సిందే. ఫోమ్ ఫిల్టర్ అయితే కంపెనీ చెప్పినట్టు కడిగి వాడొచ్చు.

5. గల్ఫ్ నుంచి వచ్చేదాకా షెడ్డులోనే ఉన్న బండా?

ఇది ఈ ప్రాంతంలో చాలా ఇళ్లలో ఉన్న సమస్య. నెలల తరబడి కదలని బండి సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అయినా టూర్‌కు రెడీ అయినట్టు కాదు. మల్టీమీటర్‌తో బ్యాటరీ చూడండి. ఇంజిన్ ఆఫ్‌లో ఫుల్ చార్జ్ బ్యాటరీ 12.6 వోల్టుల పైన చూపిస్తుంది. ఇంజిన్ నడుస్తుంటే దాదాపు 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. అంతకన్నా తక్కువంటే చార్జింగ్ సిస్టమ్ చూపించాలి.

ఊరెళ్లే ముందు బ్యాటరీ కనెక్షన్ తీసేసి పెడితే మేలు. తీసేటప్పుడు ముందు నెగెటివ్, పెట్టేటప్పుడు ముందు పాజిటివ్. ఇలా చేస్తే స్పానర్ బాడీకి తగిలి షార్ట్ అయ్యే ప్రమాదం తప్పుతుంది.

పెట్రోల్ సంగతీ ఉంది. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. ఇథనాల్ తేమను లాగుతుంది. 2023కు ముందు తయారైన బండ్లలో రబ్బరు పైపులు దీనికి తగ్గట్టు ఉండకపోవచ్చు. నిలిపి ఉంచిన పాత బండి అయితే ఫ్యూయల్ పైపులు పగిలాయేమో, తడిగా ఉన్నాయేమో చూడండి. పెట్రోల్ వాసన వస్తుంటే మెకానిక్ చూసేదాకా స్టార్ట్ చేయొద్దు.

6. ఇక అప్‌గ్రేడ్‌ల వంతు

పై ఐదూ సరిగ్గా ఉంటేనే ఇటు రావాలి.

లైట్లు: లెక్క సింపుల్. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు. 20 వాట్ల ఎల్‌ఈడీలు రెండు అంటే 40 వాట్లు. దాన్ని 12తో భాగిస్తే దాదాపు 3.3 ఆంపియర్లు. దీనికి 5 ఆంపియర్ల ఫ్యూజ్ చాలు. హెడ్‌లైట్ వైరు కోసి అందులో కలపకూడదు. బ్యాటరీ నుంచి విడిగా లైన్ తీసుకుని, బ్యాటరీ దగ్గరే ఫ్యూజ్ పెట్టి, రిలే ద్వారా ఇవ్వాలి. ఫ్యూజ్ లేని వైరు ఎక్కడైనా బాడీకి రాసుకుని తెగితే బండి కాలిపోవచ్చు. కంపెనీ వైరింగ్ కోస్తే వారంటీకి కూడా చిక్కే. లైటు వెలుగు ఎదుటి డ్రైవర్ కళ్లలో పడకుండా కిందికి వంచాలి.

సామాను: బరువైనవి కింద, బండి మధ్యకు దగ్గరగా. రెండు వైపులా సమానంగా. వెనుక క్యారియర్ మీద ఎత్తుగా కట్టేస్తే ముందు చక్రం తేలికై హ్యాండిల్ ఊగుతుంది. బండి మొత్తం ఎంత బరువు మోయగలదో మాన్యువల్‌లో ఉంటుంది. అందులో మనుషుల బరువూ కలుస్తుంది. లోడు పెరిగితే వెనుక షాక్ అబ్జార్బర్ ప్రీలోడ్ పెంచుకోవాలి. హెడ్‌లైట్ ఎత్తు కూడా అప్పుడే మళ్లీ సెట్ చేసుకోవాలి.

సైలెన్సర్: దీని జోలికి పోకపోవడమే మంచిది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకు, కంపెనీ స్పెసిఫికేషన్లకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ కింద అలా చేసిన ఓనర్‌కు ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. శబ్ద కాలుష్యం నిబంధనలు దాటితే సెక్షన్ 190 కింద మొదటిసారికే 10 వేల వరకు ఫైన్, 3 నెలల వరకు జైలు ఉండొచ్చు. చెప్పకుండా చేసిన మార్పులతో ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కూ ఇబ్బందే.

అసలైన అప్‌గ్రేడ్ తల మీదే ఉంటుంది. ఐఎస్‌ఐ మార్కున్న హెల్మెట్, అదీ ఇద్దరికీ. గ్లోవ్స్, చీలమండ కప్పే బూట్లు. బాక్సుల కంటే ముందు వీటికే ఖర్చు పెట్టాలి.

ఇంట్లో చేయకూడనివి ఏంటి?

ఏబీఎస్ లైటు ఆరకుండా వెలగడం, ముందు ఫోర్క్ నుంచి ఆయిల్ కారడం, చక్రం పక్కకు ఊగడం, ఫ్యూయల్ ఇంజెక్షన్ లోపాలు, వాల్వ్ సెట్టింగ్.. వీటికి ప్రత్యేక పరికరాలు, అనుభవం కావాలి. యూట్యూబ్ వీడియో చూసి విప్పితే తిరిగి బిగించడం కష్టం. చక్రం, బ్రేకు బోల్టులను ఎంత బిగించాలో కంపెనీ కొలత ఇస్తుంది. దాన్ని చూపించే టార్క్ రెంచ్ లేకపోతే ఆ పని మెకానిక్‌కే వదిలేయండి.

బయల్దేరే ముందు ఒక టెస్ట్

పని పూర్తయిన రోజే టూర్ మొదలుపెట్టొద్దు. రెండు మూడు రోజుల ముందే అన్నీ చేసుకుని, పూర్తి సామాను కట్టి బాల్కొండ దాకా, ఇంకా వీలైతే సోన్ దగ్గర గోదావరి వంతెన దాకా ఓసారి వెళ్లి రండి. తిరిగొచ్చాక క్యారియర్ బోల్టులు వదులయ్యాయా, ఆయిల్ ఎక్కడైనా కారుతోందా, వైర్లు వేడెక్కాయా చూడండి. లోపం ఇంటికి పది కిలోమీటర్ల దూరంలో బయటపడితే గంట పని. మహారాష్ట్రలో చీకటి పడ్డాక బయటపడితే టూరే ఆగిపోతుంది.

దారిలో వెంట ఉండాల్సినవి: బండితో వచ్చిన టూల్ కిట్, ప్రెషర్ గేజ్, పంక్చర్ కిట్ లేదా స్పేర్ ట్యూబ్, చిన్న గాలి పంపు, స్పేర్ ఫ్యూజులు, క్లచ్ కేబుల్, చైన్ లింక్, టార్చ్. జాతీయ రహదారి మీద ఆగిపోతే 1033కి, ప్రమాదం జరిగితే 108కి లేదా 112కి ఫోన్ చేయాలి. బండి చెడితే రోడ్డు అంచున కాదు, పూర్తిగా పక్కకు దింపి, ఇండికేటర్లు వేసి, మనుషులు రోడ్డుకు దూరంగా నిలబడాలి.