ఆ క్యాసెట్టు రెండో వైపు

పండుగకు ఇంటికి సున్నం వేయించినప్పుడల్లా మా ఇంట్లో అటక మీది నుంచి ఒక రేకుపెట్టె కిందికి దిగుతుంది. దాని నిండా పాత క్యాసెట్లు. ఖవ్వాలీలు, నాతులు, గజళ్లు. "వీటిని పెట్టి వినే మిషను కూడా లేదు, ఇంకా ఎందుకివి? పాత సామాన్ల వాడికి వేసేద్దాం" అంటారు పిల్లలు. ఈ మాట మీ ఇంట్లోనూ వినబడే ఉంటుంది. మాకు ఆ పెట్టెలో ఒకే ఒక్క క్యాసెట్టు ఉంది, దానికి వెల కట్టలేం. దాని సంగతి చెబితే, మీ పెట్టెను మీరు ఇంకోసారి తెరుస్తారని ఆశ.

అది సాబ్రీ సోదరుల ఖవ్వాలీ క్యాసెట్టు. గులాం ఫరీద్ సాబ్రీ, మక్బూల్ అహ్మద్ సాబ్రీ అన్నదమ్ములు. ఇప్పటి హర్యానాలో ఉన్న కల్యాణా వారి పుట్టినూరు. 1947లో వారి కుటుంబం కరాచీకి తరలిపోయింది. తమ్ముడు పైస్థాయిలో పాడుతుంటే అన్నగారు మధ్యలో గంభీరమైన గొంతుతో "అల్లాహ్" అని పిలిచేవారు. ఆ పిలుపు విన్నవారు మరచిపోలేరు. న్యూయార్కులోని కార్నెగీ హాలులో కూడా వారి ఖవ్వాలీ వినిపించింది. అన్నగారు 1994లో, తమ్ముడు 2011లో కన్నుమూశారు.

ఖవ్వాలీ మనకు కొత్త కాదు. కడప పెద్ద దర్గా ఉరుసుకు వెళ్లినవారికి ఆ సంగతి చెప్పనక్కరలేదు. మన హైదరాబాదు ఖవ్వాల్ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి 1971లో పద్మశ్రీ ఇచ్చి ప్రభుత్వం గౌరవించింది. అయితే ఉరుసు ఏడాదికి ఒక్కసారి. రోజూ రాత్రి ఇంట్లో ఖవ్వాలీ వినగలగడం మాత్రం క్యాసెట్టు వల్లనే సాధ్యమైంది. ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన ఈ చిన్న డబ్బా, గల్ఫుకు పోయినవారి చేతి సంచుల్లో టూ-ఇన్-వన్‌తో పాటు మన పల్లెలకు కూడా చేరింది.

సంగీత వాద్యాల విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయాలు ఉన్నాయి. చిష్తీ బుజుర్గులు సమాను ఆదరించారు, వద్దన్న పెద్దలూ ఉన్నారు. ఆ తీర్పు చెప్పడం ఈ వ్యాసం పని కాదు. మా ఇంట్లోనే రెండు పక్షాలు ఉండేవి. మా దాదీకి తబలా, హార్మోనియం గిట్టవు. అజాన్‌కు ముందే టేపు ఆపాలి, లేకపోతే ఇల్లు ఎగిరిపోయేది. కానీ ప్రవక్త (స) పేరు వినబడగానే తస్బీహ్ పట్టుకున్న ఆమె పెదవులు దరూద్ చదువుతూ కదిలేవి.

అబ్బా అప్పుడు కువైట్‌లో ఉండేవారు. రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి ఆ దేశానికి వెళ్లిన కుటుంబాలు మన మధ్య ఎన్నో. ఫోను చేయాలంటే చాలా ఖర్చు. ఉత్తరం రావడానికి రోజులు పట్టేది. పైగా మా దాదీకి చదువు రాదు. అందుకే చాలామంది క్యాసెట్టు మీద మాట్లాడి, సెలవు మీద ఊరికి వచ్చేవారి చేతికి ఇచ్చి పంపేవారు. ఆ మనిషి రాగానే వీధిలో సగం మంది మా వరండాలో కూర్చునేవారు.

1990 ఏప్రిల్‌లో, రంజాన్ పండుగకు ముందు, సాబ్రీ క్యాసెట్టు అలాగే వచ్చింది. అక్కడి దుకాణంలో అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్టు మీద నింపించినది. మొదటి వైపు నిండా ఖవ్వాలీ. రెండో వైపు ఖవ్వాలీ సగానికే అయిపోయింది. కాసేపు గరగర. ఆ తర్వాత అబ్బా గొంతు. "అమ్మీ, అస్సలాము అలైకుమ్. మోకాళ్ల నొప్పి ఎలా ఉంది?" అని మొదలుపెట్టి, ఫీజులు, బర్రె, బావి, పక్కింటి వారి పెళ్లి, ఒక్కటీ వదలకుండా అడిగారు. మధ్యలో దూరంగా మసీదు నుంచి అజాన్ వినబడింది. "నమాజుకు పోయివస్తా" అన్నారు. టక్కుమని మీట శబ్దం. మళ్లీ టక్కుమని మీట, మళ్లీ మాట.

నాకప్పుడు పదేళ్లు. మే నెల సెలవుల్లో రేడియోలో సినిమా పాట వస్తుంటే దాన్ని పట్టాలనిపించింది. చేతికి దొరికిన క్యాసెట్టు పెట్టి ఎర్ర చుక్క ఉన్న మీట నొక్కాను. రెండు పాటలు పట్టాను. ఎవరికీ చెప్పలేదు.

ఆగస్టు 2న, గురువారం నాడు, ఇరాక్ సైన్యం కువైట్‌లోకి ప్రవేశించింది. మరునాడు జుమా తర్వాత మా మసీదులో అక్కడ ఉన్నవారందరి కోసం దుఆ చేశారు. ఫోన్లు లేవు, ఉత్తరాలు లేవు. రాత్రి వార్తలు అయ్యాక అమ్మీ ఆ క్యాసెట్టు పెట్టింది. ఖవ్వాలీ అయింది, గరగర అయింది, సలాం వచ్చింది, మోకాళ్ల నొప్పి, బర్రె, బావి అన్నీ వచ్చాయి. అజాన్ వినబడింది. "నమాజుకు పోయివస్తా" అన్నారు అబ్బా. వెంటనే సినిమా పాట.

ఎవరూ నన్ను కొట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అమ్మీ టేపును వెనక్కి తిప్పి, మళ్లీ మొదటి నుంచి పెట్టింది. వాద్యాలు గిట్టని దాదీ కూడా ఆ రాత్రి ఖవ్వాలీ మొత్తం విన్నది, దాని వెనకాలే కొడుకు గొంతు వస్తుందని. ఆ తర్వాత ప్రతి రాత్రీ అంతే. "నమాజుకు పోయివస్తా" అన్న మాట దగ్గర అమ్మీ మీట నొక్కి ఆపేసేది.

ఆ ఏడాది లక్ష మందికి పైగా భారతీయులను జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి విమానాల్లో మన దేశానికి చేర్చారు. వారిలో అబ్బా ఒకరు. బాగ్దాదు మీదుగా బస్సుల్లో, ఎడారిలో గుడారాల్లో రోజులు గడిపి, సెప్టెంబరు చివర ఇల్లు చేరారు. చేతిలో ఒక్క సంచి. కొన్నాళ్లకు ధైర్యం తెచ్చుకొని, నేను చెరిపేసిన చోట ఏం చెప్పారని అడిగాను. "నాకు మాత్రం ఏం గుర్తుంటుంది బేటా? ఏదో చెప్పి ఉంటా" అని నవ్వారు. ఇప్పుడు అబ్బా లేరు. ఆయన గొంతు మాకు మిగిలింది ఆ క్యాసెట్టులోనే. సాబ్రీ సోదరుల ఖవ్వాలీ ఈనాడు ఏ ఫోనులోనైనా దొరుకుతుంది. దాని వెనక ఉన్న ఆ కొద్ది నిమిషాలు మాత్రం లోకంలో మరెక్కడా దొరకవు.

అందుకే ఈ మనవి. టేపు శాశ్వతం కాదు. వేడికి, తేమకు దాని మీది పూత పాడవుతుంది, బూజు పడుతుంది. మీ పెట్టె తెరిచి ఈ నాలుగు పనులు చేయండి.

మొదట, క్యాసెట్టు పై అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలను విరిచేయండి. ఇక ఎవరు మీట నొక్కినా దాని మీద రికార్డు కాదు. నాకు అప్పుడు ఈ సంగతి తెలియదు.

తెల్లగా బూజు కనబడితే మిషనులో పెట్టకండి. పని తెలిసినవారికి చూపించండి. టేపు తెగినా అతికించవచ్చు, డబ్బా పగిలితే వేరే డబ్బాలోకి మార్చవచ్చు.

బాగున్న టేపును మంచి ప్లేయరులో పెట్టి, తీగతో కంప్యూటరుకు కలిపి, ఆపకుండా చివరిదాకా ఎక్కించండి. ఆ నకలును రెండు వేర్వేరు చోట్ల దాచండి. అసలు క్యాసెట్టును ఎండకు, స్పీకరులో ఉండే అయస్కాంతానికి దూరంగా ఉంచండి.

అన్నిటికన్నా ముఖ్యం, పైన రాసిన పేరు చూసి తీసిపారేయకండి. ఖవ్వాలీ అని ఉన్నా, గజల్ అని ఉన్నా, పాట అయిపోయాక కూడా ఆపకుండా రెండు వైపులా చివరిదాకా వినండి. గరగర తర్వాత మీకు సలాం చెప్పేవారు ఎవరైనా ఉండవచ్చు.