కొత్త మోకాలికి తొలి ఆరు వారాలే అదును

వాన పడ్డాక పదును చూసి నాగలి పెడితే మట్టి పొడిపొడిగా విచ్చుకుంటుంది. వారం ఆలస్యం చేస్తే గడ్డ కడుతుంది. ఇంకో పది రోజులు ఆగితే గునపం కూడా దిగదు. ఆపరేషను చేసి కొత్త కీలు అమర్చిన మోకాలి సంగతీ అచ్చం ఇట్లాంటిదే. మొదటి ఆరు వారాలు అది పదును మీద ఉంటుంది. ఆ రోజుల్లో వంచితే వంగుతుంది, చాపితే చాచుకుంటుంది. వదిలేస్తే బిగుసుకుపోతుంది. ఆ తర్వాత ఎంత గుంజులాడినా ఫలితం తక్కువ.

నాట్లు, కలుపుతీత, కోత, పాలు పితకడం... ఏళ్ల తరబడి వంగి, గొంతుక్కూర్చుని చేసే పనులతో రైతు కుటుంబాల్లో మోకాళ్ల గుజ్జు అరగడం మామూలైపోయింది. ఆడవాళ్లలో ఇది మరీ ఎక్కువ. ఇదివరకు మోకాలు మార్చడమంటే పట్నం వాళ్ల, పెద్దవాళ్ల వైద్యం. అప్పటి ప్రధాని వాజ్‌పేయికి 2000 అక్టోబరులో ఎడమ మోకాలు, 2001 జూన్‌లో కుడి మోకాలు ముంబయిలో మార్చినప్పుడే మనలో చాలామంది దీని పేరు విన్నారు. ఆ ఆపరేషన్లు చేసిన డాక్టర్ చిత్తరంజన్ రనావత్ 1970ల్లో న్యూయార్కులో ఈ తరహా కీలుకు రూపం ఇచ్చిన వాళ్లలో ఒకరు. ఇప్పుడు జిల్లా కేంద్రాల్లోనూ ఈ ఆపరేషను చేస్తున్నారు. అప్పు చేసో, ఉన్నదేదో అమ్ముకునో చేయించుకుంటున్న చిన్న రైతులూ ఉన్నారు. అంత ఖర్చు పెట్టాక మోకాలు కర్రలా బిగుసుకుపోతే ఆ బాధ ఇంతా అంతా కాదు. అందుకే ఈ వారం దీని గురించి కాస్త వివరంగా చెప్పుకుందాం.

లోపల ఏం జరుగుతుంది?

మోకాలు మార్చడమంటే మొత్తం కాలు తీసి పెట్టడం కాదు. అరిగిన తొడ ఎముక కింది కొసనూ, కాలి ఎముక పై కొసనూ పలచగా చెక్కి, వాటికి లోహపు తొడుగులు వేస్తారు. రెండింటి మధ్య గట్టి ప్లాస్టిక్ బిళ్ల పెడతారు. ఎడ్లబండి ఇరుసుకు కందెన గొట్టం మార్చినట్లన్న మాట. కీలు కొత్తదే కానీ దాని చుట్టూ ఉన్న కండరాలు, నరాలు, తోలు పాతవే. కోసిన చోట గాయం మానేటప్పుడు లోపల మచ్చ పొరలు కడతాయి. కాలు కదుపుతూ ఉంటే ఆ పొరలు మెత్తగా, సాగేట్టు తయారవుతాయి. కదపకుండా పడుకుంటే అవే అట్టలు కట్టి మోకాలిని పట్టేస్తాయి.

ఇక్కడే ఇంటివాళ్లు ప్రేమ కొద్దీ నష్టం చేస్తారు. "అత్తా, నువ్వు లేవొద్దు, అన్నీ మంచం దగ్గరికే తెస్తా" అంటుంది కోడలు. "అమ్మకు నొప్పిగా ఉంది, ఇంకో నాలుగు రోజులు పడుకోనియ్" అంటాడు కొడుకు. ఆసుపత్రిలో మాత్రం ఆపరేషను అయిన రోజో, మర్నాడో వాకరు పట్టించి నిలబెడతారు. అది నిర్దయ కాదు. కాలి నరాల్లో నెత్తురు గడ్డ కట్టకుండా, మోకాలు బిగుసుకోకుండా చేసే మొదటి మందు అదే. ఇంటికొచ్చాక కూడా అదే పద్ధతి సాగాలి.

వంచడం కన్నా చాపడం ముందు

అందరి ధ్యాసా వంచడం మీదే ఉంటుంది. ఎంత వంగిందని అడిగేవాళ్లే కానీ, పూర్తిగా చాచుకుంటోందా అని అడిగేవాళ్లు తక్కువ. నిజానికి కాలు నిటారుగా చాచుకోకపోతే కుంటు పోదు. అడుగు వేసినప్పుడల్లా తొడ కండరం మీద అదనపు బరువు పడి త్వరగా అలసిపోతారు, నడుము నొప్పి కూడా మొదలవుతుంది.

మోకాలి కింద దిండు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. ఆ హాయే ముంచుతుంది. మోకాలు వంగిన స్థితిలోనే గట్టిపడుతుంది. దిండు మోకాలి కింద కాదు, తువ్వాలు చుట్టి మడమ కింద పెట్టండి. మోకాలి వెనక భాగం గాలిలో ఉండి, దాని బరువుకు అదే కిందికి దిగుతుంది. రోజుకు మూడు నాలుగు సార్లు, ఐదు నిమిషాల నుంచి మొదలుపెట్టి పది నిమిషాల దాకా ఉంచండి. వెల్లకిలా పడుకున్నప్పుడు మోకాలి కింద అరచెయ్యి దూరకుండా ఉంటే చాపడం సరిగ్గా వచ్చినట్టే.

పడక సంగతి కూడా చూసుకోవాలి. నులక మంచం ఈ పనికి పనికిరాదు. మధ్యలో గుంట పడి నడుమూ, మోకాలూ రెండూ వంగే ఉంటాయి. పైగా ఎత్తు తక్కువ, లేవడం కష్టం. గట్టి బల్ల మంచం మీద పలచని పరుపు వేసుకుంటే చాలు. కూర్చుంటే పాదాలు నేలకు ఆనేంత ఎత్తు ఉండాలి.

రోజూ ఏం చేయాలి?

మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి పాదాన్ని మీ వైపు లాగి, కిందికి తొక్కండి. ఇరవై సార్లు చాలు. పిక్కలో నెత్తురు ఆడుతుంది. ఆ తర్వాత కాలు చాపి, తొడ కండరాన్ని బిగించి మోకాలిని పరుపులోకి అదిమినట్టు ఐదు లెక్కపెట్టే దాకా ఉంచి వదలండి. ఇట్లా పది సార్లు. ఆపరేషనుకు తొడ కండరం నిద్రపోయినట్టు అవుతుంది, దాన్ని లేపే పని ఇది.

ఇక వంచడం. మంచం మీద కూర్చుని గానీ, పడుకుని గానీ మడమను పరుపు మీదే జరుపుతూ పిరుదుల వైపు తెచ్చుకోవాలి. మడమ కింద నున్నటి ప్లాస్టిక్ కవరు వేసుకుంటే సులువుగా జారుతుంది. ఇక రాదనుకున్న చోట పాత చీరనో, తువ్వాలునో పాదానికి ఉచ్చులా వేసి రెండు చేతులతో మెల్లగా మీ వైపు లాగండి. పది లెక్కపెట్టే దాకా పట్టి ఉంచి వదలండి. గుంజి వదలడం, ఊపడం చేయకూడదు. పూటకు పది పదిహేను సార్లు, రోజుకు మూడు పూటలు.

మూడోది కుర్చీలో. చేతులున్న కుర్చీని గోడకు ఆనించి కూర్చుని, పాదాన్ని నేల మీద రాస్తూ కుర్చీ కిందికి జరపండి. ఆగిపోయిన చోట పాదం అక్కడే ఉంచి, మీరు కుర్చీలో ముందుకు జరగండి. మోకాలు మరికాస్త వంగుతుంది. రెండో కాలిని పైన వేసి మెల్లగా వెనక్కి నెట్టొచ్చు కూడా. రోజూ ఒకే కుర్చీ, ఒకే చోటు పెట్టుకుని, బొటనవేలు చేరిన చోట సుద్దముక్కతో నేల మీద గీత గీయండి. వారానికి ఆ గీతలు ఎంత వెనక్కి జరిగాయో చూస్తే మీకే తెలుస్తుంది, డిగ్రీల లెక్క తెలియకపోయినా ఫరవాలేదు. కుర్చీలో కూర్చుని తొడ నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు, దారానికి రాయి కట్టి మోకాలి పక్క నుంచి వేలాడదీస్తే అది చీలమండ మీదికి వచ్చిందనుకోండి, 90 డిగ్రీలు వచ్చినట్టే. తాపీమేస్త్రీ గోడ నిటారు చూసే లెక్కే ఇది.

సాధారణంగా రెండు వారాలకు 90 డిగ్రీల దగ్గరికి రావాలి. ఆరు వారాల నుంచి మూడు నెలల లోపు 110 నుంచి 120 దాకా చాలామందికి వస్తుంది. చదును నేల మీద నడకకు సుమారు 70 డిగ్రీలు చాలు. మెట్లకు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడానికి 90 నుంచి 105 దాకా కావాలి. ఆపరేషనుకు ముందే మోకాలు బాగా బిగుసుకుపోయిన వాళ్లకు తర్వాత కూడా కొంత తక్కువే వంగుతుంది. పక్కింటాయనతో పోల్చుకుని దిగులు పడక్కర్లేదు.

రెండు వారాలు దాటినా 90 దరిదాపుల్లోకి రాకపోతే మాత్రం ఊరుకోవద్దు. ఆపరేషను చేసిన డాక్టరు దగ్గరికే వెళ్లండి. ఆరు వారాలకూ వంగకపోతే మత్తు ఇచ్చి మోకాలిని వంచి, లోపలి అట్టలను వదులు చేసే పద్ధతి ఉంది. అది కూడా మూడు నెలల లోపే బాగా పనిచేస్తుంది. "పంట చేతికొచ్చాక చూపించుకుందాం" అని వాయిదా వేస్తే ఆ దారీ మూసుకుపోతుంది.

నొప్పి, వాపు

వంచేటప్పుడు నొప్పి ఉంటుంది. ఉండదని ఎవరైనా చెబితే నమ్మకండి. అయితే నొప్పిలో తేడా ఉంది. లాగినట్టు, బిగిసినట్టు ఉండి, ఆపాక అరగంటలో తగ్గేది మంచి నొప్పి. రాత్రంతా సలిపి, మర్నాటికి వాపు పెరిగితే మోతాదు మించిందన్న మాట. ఒక పూట తగ్గించండి, మానేయకండి.

డాక్టరు రాసిన నొప్పి బిళ్ల వ్యాయామానికి అరగంట, ముప్పావు గంట ముందు వేసుకుంటే పని సులువవుతుంది. బిళ్లలంటే భయపడి మానేసి, నొప్పికి కదపలేక మోకాలు బిగించుకున్న వాళ్లు చాలామంది. అట్లాగని మందుల షాపులో అడిగి సొంతంగా కొనుక్కుని మింగొద్దు. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు కొన్ని నొప్పి బిళ్లలు ప్రమాదం.

వాపు ఉంటే మోకాలు వంగదు. నీళ్లు నిండిన తోలుసంచిని మడవడం లాంటిదే. వ్యాయామం అయ్యాక ఐసు ముక్కలను ప్లాస్టిక్ కవర్లో వేసి, తువ్వాలు చుట్టి పావుగంట, ఇరవై నిమిషాలు మోకాలి మీద పెట్టుకోండి. ఐసు నేరుగా తోలుకు తగలకూడదు, కట్టు తడవకూడదు. ఆ తర్వాత కాలు గుండె కన్నా ఎత్తులో ఉండేట్టు మడమ, పిక్క కింద దిండ్లు పెట్టి పడుకోండి. మోకాలు వెచ్చగా ఉండటం, సాయంత్రానికి వాపు రావడం మూడు నాలుగు నెలలు, కొందరికి ఆరు నెలలు కూడా ఉంటుంది. కుట్లకు బయటి వైపు తోలు మొద్దుబారడం, నడిచేటప్పుడు టక్‌మని చప్పుడు రావడం మామూలే.

పిక్క గట్టిపడి నొప్పి పుట్టి వాచినా, ఉన్నట్టుండి ఆయాసం, గుండెలో పోటు వచ్చినా మాత్రం 108కి ఫోను చేయాలి. నెత్తురు గడ్డ ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం అది. గాయం ఎర్రబడి చీము, రసి కారినా, చలిజ్వరం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. నెత్తురు పలచబడే మందు రాసి ఉంటే చెప్పినన్ని రోజులూ వాడాలి. షుగరు ఉన్నవాళ్లు దాన్ని అదుపులో పెట్టుకోకపోతే గాయం మానదు. బీడీ, చుట్ట, గుట్కా కూడా గాయాన్ని మాననివ్వవు.

ఇవి వద్దు

పసరు కట్టు, నూనె మర్దన, కాపడం ఈ మోకాలికి పనికిరావు. కుట్లు పూర్తిగా మానకముందు పసరు, పసుపు ముద్ద రాస్తే చీము పట్టొచ్చు. లోహపు కీలుకు చీము పడితే మళ్లీ కోసి కీలు తీయాల్సి రావచ్చు. ఊళ్లో ఎవరిచేతా ఈ మోకాలికి సూది వేయించుకోవద్దు, నీరు తీయించుకోవద్దు. పది మందిలో ఎవరో ఒకరు వచ్చి "నేను వంచుతా పట్టు" అని బలవంతంగా వంచబోతారు, దగ్గరికి రానీయకండి.

ఇంట్లో గొంతుక్కూర్చునే దొడ్డి ఉంటే దాని మీద పెట్టే కమోడ్ కుర్చీ ముందే తెచ్చి పెట్టుకోండి. ఆపరేషను అయ్యాక వెతుక్కోవడం కష్టం. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషనైన కాలు ముందు. చేతికర్ర మంచి కాలి వైపు చేతిలో ఉండాలి. చాలామంది తిరగేసి పడుతుంటారు.

డబ్బు మాట

మోకాలు వంచే మిషను అద్దెకు తీసుకోమని కొన్ని చోట్ల చెబుతారు. దానితో అదనంగా వచ్చేది రెండు డిగ్రీల మేరకేనని పరిశోధనల్లో తేలింది. చీర ఉచ్చు, గోడకు ఆనించిన కుర్చీ ఆ పని చేస్తాయి. ఎక్కువగా వంగే ప్రత్యేక కీలు అంటూ అదనపు ధర చెప్పినా ఆలోచించండి. మామూలు కీలుతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కీలు ధరకు కేంద్రం 2017 ఆగస్టులోనే పరిమితి పెట్టింది. అప్పట్లో మామూలు రకానికి పన్నులు కాక 54,720 రూపాయలుగా నిర్ణయించారు. బిల్లులో కీలు ధర విడిగా రాసివ్వమని అడగండి. ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ లాంటి పథకాలు మీ కేసుకు ఏ ఆసుపత్రిలో వర్తిస్తాయో ఆరోగ్యమిత్రను ముందే కలిసి తెలుసుకోవాలి. ఆ మిగిలే డబ్బుతో నాలుగైదు సార్లు ఫిజియోథెరపీకి వెళ్లినా ఎక్కువ లాభం.

పొలంలోకి ఎప్పుడు?

ఆపరేషను తేదీ పెట్టుకునేటప్పుడే పంట లెక్క చూసుకోండి. మే నెలలో చేయించుకుని జూలైలో నాట్లకు దిగుదామంటే కుదరదు. వర్షాధారంగా ఒక్క పంట వేసేవాళ్లు సంక్రాంతి వెళ్లాక చేయించుకుంటే ఉగాది నాటికి మొదటి పదును కాలం గడిచిపోతుంది, తొలకరి లోపు ఇంకో రెండు నెలలు చేతిలో ఉంటాయి. పాడి ఉన్నవాళ్లు కనీసం మూడు నెలలు పాలు పితకడానికి ఇంకొకరిని చూసుకోవాలి. గేదె తోసినా, కాలితో తన్నినా కష్టమే.

ఆరు వారాల తర్వాత చేతికర్రతో చదునైన దారిలో చేను దాకా వెళ్లి రావచ్చు. గట్ల మీద, బురదలో అప్పుడే వద్దు, జారి పడితే కీలు చుట్టూ ఎముక విరుగుతుంది. ట్రాక్టరు, మోటారు సైకిలు డాక్టరు సరేనన్నాకే. అంతకు ముందు ఆపి ఉన్న బండి మీద కూర్చుని బ్రేకు గట్టిగా, తడబడకుండా తొక్కగలుగుతున్నారో లేదో చూసుకోవాలి. మూడు నెలలకు నిలబడి చేసే పనులు, తేలిక బరువులు మొదలుపెట్టొచ్చు. గొంతుక్కూర్చుని కలుపు తీయడం, వరి నాటడం ఇక మానుకోవడమే మేలు. నిలబడి తోసే పొడవు పిడి గల కలుపు పరికరాలు, కూర్చోవడానికి ఎత్తు పీట చూసుకోవాలి.

పొలం పనుల్లో ముల్లు గుచ్చుకోవడం, మడమ పగుళ్లు, నీటిలో నిలబడి వేళ్ల సందులు ఒరిసి పుండ్లు పడటం మనకు మామూలు. కీలు మార్చిన వాళ్లు వీటిని చిన్నవని వదలకూడదు. పాదంలో చీము నెత్తురు ద్వారా కీలుకు చేరొచ్చు. పంటి చీము కూడా అంతే. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, పళ్ల డాక్టరైనా సరే, మోకాలు మార్చిన సంగతి ముందే చెప్పండి. ఆపరేషను కాగితాలు ఒక కవర్లో పెట్టి పట్టాదారు పాసు పుస్తకంతో పాటు పెట్టెలో దాచుకోండి.