వెనక్కి నడిచే గడియారాలు
సారథి వల్ల సంస్థకు ఎంత విలువ చేకూరిందో కొలవడమెలా? ఢిల్లీ మెట్రోలో శ్రీధరన్ 14 ఏళ్ల హయాం కొన్ని లెక్కలు చెబుతుంది, కొన్నింటిని చిక్కుముడిగానే వదిలేస్తుంది

ఢిల్లీ మెట్రో తొలి దశ నిర్మాణం సాగిన రోజుల్లో సంస్థ కార్యాలయాల్లో వింత గడియారాలు కనిపించేవి. అవి టైం చెప్పవు. గడువుకు ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో చెబుతాయి. మేనేజింగ్ డైరెక్టర్ ఇ. శ్రీధరన్ కు ఉపన్యాసాల కన్నా వాటి మీదే గురి.

దాదాపు ప్రతి కంపెనీ అప్రైజల్ ఫారంలోనూ 'నాయకత్వ లక్షణాలు' అనే గడి ఒకటి ఉంటుంది. అందులో ఐదుకు నాలుగు మార్కులు వేసే అధికారిని ఆ నాలుగూ ఎలా వచ్చాయని అడిగితే నీళ్లు నమలాల్సిందే. లాభాలొస్తే సారథి ఘనత, నష్టాలొస్తే మార్కెట్ తప్పు అనడం రివాజు. శ్రీధరన్ విషయంలో మాత్రం పోల్చి చూడడానికి దేశంలోనే మరో ఉదాహరణ ఉంది. అది కోల్‌కతా.

అక్కడ మెట్రోకు శంకుస్థాపన జరిగింది 1972లో. తొలి రైలు నడిచింది 1984లో. సుమారు 16 కిలోమీటర్ల లైను పూర్తయ్యేసరికి 1995 వచ్చింది. ఢిల్లీలో 1998 అక్టోబర్‌లో పనులు మొదలైతే 2002 డిసెంబర్‌కల్లా షాదరా-తీస్ హజారీ మధ్య రైలు పట్టాలెక్కింది. దాదాపు రూ. 10,500 కోట్లతో 65 కిలోమీటర్ల తొలి దశ 2005 చివరికి ముగిసింది. గడువుకన్నా రెండేళ్లకు పైగా ముందే!

అయితే ఈ తేడా అంతా ఒక్క మనిషి ఖాతాలో జమ చేయడం సబబు కాదు. దేశంలో మొట్టమొదటి మెట్రో కావడంతో కోల్‌కతా అన్నీ కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది, నిధుల కటకట వేరే. ఢిల్లీకి ఖర్చులో సగానికి పైగా జపాన్ రుణం దొరికింది. కేంద్రం, ఢిల్లీ ప్రభుత్వం సమాన వాటాలతో ఏర్పాటు చేసిన కంపెనీ కాబట్టి రోజువారీ పనుల్లో రైల్వే బోర్డు పెత్తనమూ లేదు.

మరి శ్రీధరన్ వంతు ఏమిటి? 1997లో, 65 ఏళ్ల వయసులో బాధ్యతలు చేపట్టిన ఆయన సిబ్బంది ఎంపికలో జోక్యాన్ని సహించలేదు. పని గురించి ఆయనకు పాఠం నేర్పింది పంబన్. 1964 డిసెంబర్ తుపానుకు అక్కడి రైలు వంతెన కొట్టుకుపోతే పునరుద్ధరణకు రైల్వే ఆరు నెలల గడువు పెట్టింది. పై అధికారి దాన్ని మూడు నెలలకు కుదించారు. కాకినాడ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి వచ్చిన ఆ 32 ఏళ్ల యువకుడు 46 రోజుల్లో ముగించాడు. సముద్రం అడుగున పడి ఉన్న పాత గర్డర్లను పైకి తీయించి వాడడం కలిసొచ్చింది.

అన్నిటా ఆయన మాటే నెగ్గిందనుకుంటే పొరపాటు. స్టాండర్డ్ గేజ్ కావాలని పట్టుబట్టినా తొలి దశకు కేంద్రం బ్రాడ్‌గేజ్ ఖాయం చేసింది. ఆయన ఆ గేజ్‌లోనే లైన్లు వేశారు.

విలువ లెక్కలూ ఒకే దిక్కు చూపవు. నగరానికి ఒరిగిన మొత్తం ప్రయోజనాన్ని బట్టి చూస్తే తొలి రెండు దశలపై ఆర్థిక ప్రతిఫలం 24 శాతమని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనామిక్ గ్రోత్ ఆర్థికవేత్తలు 2006లో లెక్కగట్టారు. కానీ ప్రయాణికుల సంఖ్య మాత్రం తొలి ఏళ్లలో అంచనాల దరిదాపులకైనా రాలేదు. గడువును జయించిన సంస్థ జనాన్ని లెక్కించడంలో తప్పింది.

వేగానికి వెల కూడా ఉంది. 2009 జులై 12న దక్షిణ ఢిల్లీలోని జమ్రుద్‌పుర్‌లో నిర్మాణంలో ఉన్న వంతెన కూలి ఆరుగురు మరణించారు. అదే రోజు శ్రీధరన్ నైతిక బాధ్యత వహిస్తూ రాజీనామా చేశారు. ముఖ్యమంత్రి షీలా దీక్షిత్ ఆమోదించలేదు. కాంట్రాక్టర్ మీదకు నెట్టేసి తప్పుకోవడం ఆయనకు కష్టమేమీ కాదు. ఆయన అలా చేయలేదు.

2011 డిసెంబర్ 31న ఆయన వైదొలిగాక అసలు పరీక్ష మొదలైంది. రైళ్లు ఎప్పటిలాగే నడిచాయి. ఆయన కింద పనిచేసిన మంగూ సింగే సారథ్యం చేపట్టారు. కానీ మూడో దశ 2016 గడువును దాటిపోయింది. సంస్థలో అలవాట్లు మిగిలాయనడానికి మొదటిది సాక్ష్యమైతే, గడియారం చూసే మనిషి లోటుకు రెండోది సాక్ష్యమా? భూసేకరణ చిక్కులనూ లెక్కలోకి తీసుకోవాలి కాబట్టి అంత తేలిగ్గా చెప్పలేం.

కొలతకు అందని మరో సంగతి హైదరాబాద్‌ది. మేటాస్ కు మెట్రో కాంట్రాక్టుతో పాటు విలువైన భూములు కట్టబెట్టడం ప్రమాదమని శ్రీధరన్ 2008లో ప్రణాళికా సంఘానికి లేఖ రాశారు. రాష్ట్ర ప్రభుత్వం ఆయనపై మండిపడింది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బద్దలైంది, జులైలో కాంట్రాక్టు రద్దయింది. కొత్త టెండర్లు, ఎల్ అండ్ టీ రాక, వివాదాలు అన్నీ ముగిసి హైదరాబాదీలు మెట్రో ఎక్కింది 2017 నవంబర్ 29న.